చదువు దేనికోసం, శీలం ఎక్కడ రూపుదిద్దుకుంటుంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

విద్య లక్ష్యాల గురించి, బడిలో శీలనిర్మాణం గురించి వచ్చిన ఉత్తరాలలో ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లల నడవడిక విషయంలో బడి ఏం చేస్తోందని అడిగాను. "ముందు మార్కులు రానివ్వండి, మంచీ చెడూ ఇంట్లో మీరు నేర్పుకోండి" అన్నారు ప్రధానోపాధ్యాయులు. మిగతా తల్లిదండ్రులు కూడా ఆయన మాటకే తలలూపారు. చదువు అసలు లక్ష్యం ఉద్యోగమా, శీలమా? నేను అడగరానిది అడిగానా? – ఒక తల్లి

సమాధానం: అడగవలసినదే అడిగారమ్మా. అయితే ఉద్యోగమా, శీలమా అని రెండింటినీ పోటీకి నిలబెడితే జవాబు దొరకదు. జీవనోపాధి విద్యకు న్యాయమైన లక్ష్యమే. దాన్ని తేలికగా కొట్టిపారేసే ఉపన్యాసాలు సాధారణంగా ఉపాధికి కొదవలేనివారి నోటనే వినిపిస్తాయి. ఉపాధి ఒక్కటే లక్ష్యమని ఎప్పుడు అనుకుంటామో అప్పుడే చిక్కు మొదలవుతుంది.

విద్య గురించి లోతుగా ఆలోచించినవారెవరూ అలా అనుకోలేదు. ఇంగ్లండుకు చెందిన తత్వవేత్త జాన్ లాక్ 1693లో పిల్లల పెంపకం గురించి రాస్తూ సద్గుణం, వివేకం, మర్యాద, పాండిత్యం అని నాలుగింటిని పేర్కొన్నాడు. స్వయంగా గొప్ప పండితుడై ఉండి కూడా పాండిత్యాన్ని తెలిసే చివర పెట్టాడు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 26వ అధికరణం, విద్య మనిషి వ్యక్తిత్వ సంపూర్ణ వికాసానికి తోడ్పడాలని చెప్పింది. యునెస్కో కోసం జాక్ దెలోర్ అధ్యక్షతన పనిచేసిన సంఘం 1996లో ఇచ్చిన నివేదిక, తెలుసుకోవడం, పని చేయడం, ఇతరులతో కలిసి బతకడం, తాను తానుగా ఎదగడం అనే నాలుగింటిని విద్యకు మూలస్తంభాలుగా చూపింది. ఆ నాలుగింటిలో మన పరీక్షలు కొలుస్తున్నది మొదటిదాన్ని, అదీ కొంత మేరకే.

"ముందు మార్కులు" అన్న మాటలో ఒక ఊహ ఉంది. పిల్లలు మార్కులు తెచ్చుకునే పనిలో ఉన్నంతకాలం వాళ్ల శీలం తన వంతు కోసం ఎదురుచూస్తూ పక్కన ఆగి ఉంటుందన్నది ఆ ఊహ. అలా ఆగదు. మార్కులు ఎలా వస్తున్నాయి, రానివాళ్లను ఎలా చూస్తున్నారు, వచ్చినవాళ్లకు ఏమేం చెల్లుబాటవుతున్నాయి అన్నవన్నీ అదే సమయంలో పిల్లల మనసులో నమోదవుతూనే ఉంటాయి. బడి శీలాన్ని నేర్పకుండా ఉండలేదు. ఏ శీలాన్ని నేర్పుతోంది, తెలిసి నేర్పుతోందా, తెలియకుండా నేర్పుతోందా అన్నవే మిగిలే ప్రశ్నలు.

మార్కులే గమ్యమైనప్పుడు పెద్దలు ఏమవుతారో చూపే ఉదాహరణ ఒకటి అమెరికాలోని అట్లాంటా నగరంలో ఉంది. 2009లో అక్కడి బడులలో జరిగిన రాష్ట్రస్థాయి పరీక్షల జవాబు పత్రాలలో, తప్పు జవాబులు చెరిపి ఒప్పు జవాబులు దిద్దిన గుర్తులు అసాధారణమైన సంఖ్యలో కనబడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వం జరిపించిన దర్యాప్తు 2011లో వెల్లడించినదాని ప్రకారం, పరిశీలించిన 56 బడులలో 44 బడులలో మోసం జరిగింది. అందులో ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు కలిపి 178 మంది పేర్లు బయటికి వచ్చాయి. చివరికి 2015లో 11 మందిని న్యాయస్థానం దోషులుగా తేల్చింది. వీళ్లందరూ పుట్టుకతో మోసగాళ్లా? కాదు. ప్రతి ఏడాదీ పెరిగే లక్ష్యాలు, అందుకోకపోతే ఉద్యోగం పోతుందన్న భయం, ఎలా సాధించారని ఎవరూ అడగని వాతావరణం, ఈ మూడూ కలిసి మామూలు మనుషుల చేత ఆ పని చేయించాయి. చదవడమే సరిగా రాని పిల్లలకు కూడా మంచి మార్కులు పడిపోయాయి కనుక, వాళ్లకు అందవలసిన అదనపు సాయం అందకుండా పోయింది. శీలాన్ని తర్వాతి వంతుకు వాయిదా వేసినచోట చదువు కూడా మిగల్లేదన్నమాట.

ఇక "ఇంట్లో నేర్పుకోండి" అన్న మాట. ప్రేమ, నమ్మకం, మాట మీద నిలబడటం ఇంట్లోనే మొదలవుతాయి, నిజమే. కానీ ఇల్లు నేర్పలేనివి కొన్ని ఉన్నాయి. తాను ఎంచుకోని మనుషులతో, తనను ప్రత్యేకంగా ప్రేమించనివారితో, అందరికీ ఒకటే అయిన నియమాల కింద బతకడం ఇంట్లో సాధ్యపడదు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైం 1902–03లో ఇచ్చిన ఉపన్యాసాలలో, కుటుంబానికీ సమాజానికీ నడుమ బడి నిలబడి ఉందని చెప్పింది ఇందుకే. ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు "నీతులు చెబుతున్నారా" అని అడగకండి. "చెబుతున్నాం" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. తన తప్పును తానే వచ్చి ఒప్పుకున్న పిల్లవాణ్ణి ఏం చేస్తారని అడగండి. తరగతిలో అందరికంటే వెనుకబడిన పిల్లను పాఠం మధ్యలో ఎవరు, ఎలా పలకరిస్తారని అడగండి.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. వారానికి ఒక నీతి పీరియడు నాకు అప్పగించారు. కథలు చెబుతాను, సూక్తులు రాయిస్తాను. "నిజాయితీ అంటే ఏమిటి?" అని అడిగితే పిల్లలు పేజీలకు పేజీలు చక్కగా రాస్తారు. మరుసటి రోజు లెక్కల పరీక్షలో అదే పిల్లలు కాపీ కొడతారు. ఈ పీరియడు వల్ల ప్రయోజనం ఉందా?

సమాధానం: మీరు గమనించినదాన్ని దాదాపు వందేళ్ల క్రితమే లెక్కలతో చూపించారు. 1920లలో అమెరికాకు చెందిన హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు దాదాపు 11 వేల మంది పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. తాము పరీక్షకు గురవుతున్నామని తెలియకుండా మోసం చేసే అవకాశాన్ని పిల్లల ముందు ఉంచారు. సొంత జవాబు పత్రాన్ని తానే దిద్దుకొనే పరీక్ష, ఎవరూ చూడకుండా ఫలితం తానే రాసుకొనే ఆట, ఇంటి దగ్గర చేసుకొచ్చే పని, ఇలా రకరకాల సందర్భాలు. 1928 నుంచి 1930 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆ ఫలితాలు ఆనాటి విద్యావేత్తలను కలవరపెట్టాయి. ఎప్పుడూ మోసం చేయని పిల్లలు, ఎప్పుడూ మోసం చేసే పిల్లలు కొద్దిమందే. ఎక్కువమంది ఒక సందర్భంలో నిజాయితీగా, మరొక సందర్భంలో మోసంగా ప్రవర్తించారు. ఏది మంచో తెలిసి ఉండటానికీ, ఆ మంచిని ఆచరించడానికీ మధ్య సంబంధం చాలా పలచగా కనిపించింది. తర్వాతి దశాబ్దాలలో ఇదే సమాచారాన్ని తిరిగి విశ్లేషించినవారు, మనిషి స్వభావంలో కొంత స్థిరత్వం ఉన్నదని, తొలి తీర్పు కాస్త కఠినమైనదని తేల్చారు. అయినా మూల విషయం చెక్కుచెదరలేదు: నిజాయితీ మీద వ్యాసం రాయగలగడం నిజాయితీకి రుజువు కాదు.

అదే అధ్యయనంలో మీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. తరగతికీ తరగతికీ తేడా కనిపించింది. ఉపాధ్యాయులకూ పిల్లలకూ నడుమ స్నేహభావం, కలిసి పనిచేసే అలవాటు ఉన్నచోట మోసం తక్కువగా ఉంది. ఆ తర్వాత కూడా విద్యా మనస్తత్వ శాస్త్రజ్ఞులు పదేపదే గమనించినది ఏమంటే, మార్కులకే పెద్దపీట వేసే తరగతిలో కాపీ పెరుగుతుంది, విషయం అర్థం కావడానికి విలువ ఇచ్చే తరగతిలో తగ్గుతుంది. మీ నీతి పీరియడులో పిల్లలు నేర్చుకున్నదానికి జవాబు లెక్కల పరీక్షలో దొరుకుతోందంటే, లెక్కల తరగతిని కూడా ఒకసారి చూడవలసి ఉంది. అక్కడ తప్పు చేస్తే ఏమవుతుంది? అర్థం కాలేదని చేయెత్తిన పిల్లవాడికి దక్కేది వివరణా, ఎగతాళా? అచ్చులో లేని ఈ పాఠాలను 1968లో ఫిలిప్ జాక్సన్ అనే విద్యావేత్త తరగతి గదుల జీవితాన్ని దగ్గరగా పరిశీలించి వర్ణించాడు. వరుసలో ఓపికగా నిలబడటం, ఉపాధ్యాయుడి మెప్పు సంపాదించడం, తన బలహీనతను దాచుకోవడం, ఇవేవీ పాఠ్యపుస్తకంలో ఉండవు, పరీక్షలో రావు, కానీ పిల్లలు వీటిని రోజూ అభ్యసిస్తారు.

అభ్యాసం అన్నది ఇక్కడ కీలకం. ఇళ్లు కట్టడం ద్వారా మనిషి మేస్త్రీ అవుతాడు, వీణ వాయించడం ద్వారా వైణికుడవుతాడు, అలాగే న్యాయమైన పనులు చేయడం ద్వారా న్యాయవంతుడవుతాడు అన్న అర్థం వచ్చేలా అరిస్టాటిల్ చెప్పి రెండు వేల మూడు వందల ఏళ్లు దాటింది. (ఆయన చెప్పినది లైర్ అనే గ్రీకు వాద్యం గురించి, వీణ నేను వాడిన మాట.) మన బడులలో న్యాయం గురించి వినే అవకాశం పిల్లలకు పుష్కలంగా ఉంది, న్యాయం చేసే అవకాశమే అరుదు. తగవు వస్తే ఉపాధ్యాయుడు తీరుస్తాడు, నియమం కావాలంటే ప్రధానోపాధ్యాయుడు రాస్తాడు, పని పంపకం పెద్దలే చేస్తారు. నిర్ణయం తీసుకొనే భారం ఒక్కటీ మోయకుండా పదేళ్లు గడిపిన పిల్లవాడు, పద్దెనిమిదో ఏట హఠాత్తుగా బాధ్యత గల పౌరుడు కావాలని ఆశిస్తాం.

కాబట్టి మీ పీరియడును వదులుకోకండి, కానీ దాని పని మార్చండి. నైతిక వికాసం మీద పరిశోధనకు పేరుపొందిన లారెన్స్ కోల్‌బర్గ్ మొదట్లో పిల్లలకు ధర్మసంకటాలు ఇచ్చి చర్చింపజేస్తే చాలనుకున్నాడు. ఆ చర్చల వల్ల పిల్లల ఆలోచన కొంత పదునెక్కింది. అయితే ఆలోచన ఒక్కటే చాలదని ఆయనే గ్రహించి, 1974లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఒక ఉన్నత పాఠశాలకు అనుబంధంగా మొదలైన చిన్న బడికి తోడ్పడ్డాడు. అక్కడ విద్యార్థికీ ఉపాధ్యాయుడికీ తలా ఒక ఓటే. నియమాలను వారంవారం జరిగే సభలోనే చేసుకునేవారు. ఒకసారి ఒక విద్యార్థిని సొమ్ము పోయినప్పుడు, దొంగ ఎవరన్న వేటకు దిగకుండా, మన మధ్య దొంగతనం జరిగిందంటే అది మనందరి లోపమని కొందరు వాదించగా, అందరూ తలా కొంత వేసుకొని ఆమెకు ఆ సొమ్ము తిరిగి ఇచ్చారు. ఈ ఒక్క సభలో వాళ్లు నేర్చుకున్నది ఎన్ని సూక్తులు రాయిస్తే వస్తుంది?

మీ చేతిలో ఉన్నది వారానికి ఒక పీరియడు కనుక అంత పెద్ద ప్రయోగం సాధ్యం కాకపోవచ్చు. తరగతిలోని అసలు సంగతులనే చర్చకు పెట్టండి. మొదట కాపీ గురించే మాట్లాడించండి, దండన భయం లేకుండా. ఎందుకు కొడుతున్నారు, అడిగిన స్నేహితుడికి చూపించకపోతే ఏమవుతుంది, కష్టపడి చదివినవారికి ఎలా ఉంటుంది అన్నవి వాళ్లే చెప్పాలి. వచ్చే జవాబులలో కొన్ని మీకు, మీ సహోద్యోగులకు ఇబ్బందికరంగా ఉంటాయి. ఆ ఇబ్బందిని దాటి వినగలిగితే పని మొదలైనట్టే.

ప్రయోజనం ఉందా అని సూటిగా అడిగారు కనుక, రెండు వైపుల లెక్కలూ చెప్పాలి. అమెరికా విద్యాశాఖ పరిశోధన విభాగం శీలనిర్మాణానికి ఉద్దేశించిన ఏడు కార్యక్రమాలను ప్రాథమిక పాఠశాలల్లో పరీక్షించి 2010లో ఇచ్చిన నివేదికలో, మొత్తం మీద పిల్లల ప్రవర్తనలో గాని చదువులో గాని చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని తేల్చింది. మరుసటి ఏడాదే, భావోద్వేగ, సామాజిక నైపుణ్యాలు నేర్పే 213 కార్యక్రమాలకు సంబంధించిన అధ్యయనాలను జోసెఫ్ డర్లాక్ బృందం కలిపి చూసినప్పుడు, ప్రవర్తనలోను, చదువులోను కూడా మెరుగుదల కనిపించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచేది ఇది: కార్యక్రమం పేరు ఏదైనా, పిల్లల చేత ఒక క్రమంలో అభ్యాసం చేయించినది ఫలించింది, పైనుంచి అతికించినది రాలిపోయింది. డర్లాక్ బృందం కూడా క్రమబద్ధంగా, పిల్లలు చురుకుగా పాల్గొనేలా నడిపిన కార్యక్రమాలే బాగా పనిచేశాయని గుర్తించింది.

ప్రశ్న: మా అబ్బాయి చదివే బడిలో మంచి పని చేస్తే నక్షత్రాలు, పతకాలు ఇస్తారు. వాడిప్పుడు చెల్లెలికి నీళ్లు అందించినా "నాకేమిస్తావు?" అంటున్నాడు. తప్పు ఎక్కడుంది? – ఒక తండ్రి

సమాధానం: అబ్బాయిలో లేదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆ పిల్లలను తమ ఇష్టానికి వదిలేసి చూస్తే, ముందే బేరం కుదిరిన గుంపువాళ్లు బొమ్మల జోలికి వెళ్లడం బాగా తగ్గింది. మిగతా రెండు గుంపులలో ఆ తగ్గుదల లేదు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే ఇష్టం కూలిగా మారుతుంది. అంటే మెచ్చుకోవద్దని కాదు. వాడు నీళ్లు ఇచ్చినప్పుడు పతకానికి బదులు, "దానికి దాహం వేస్తోందని నువ్వే గమనించావు" అనండి. వాడి చూపు తన లాభం మీద నుంచి చెల్లెలి అవసరం మీదికి మళ్లుతుంది. బడివారితోనూ ఈ మాట చెప్పండి, అయితే నక్షత్రాలకు అలవాటుపడిన బడి వాటిని ఒక్కరోజులో మానదు.

ప్రశ్న: మా కాలంలో బెత్తం ఉండేది, భయం ఉండేది, అందుకే క్రమశిక్షణ ఉండేది. దెబ్బలు తిన్న మేమంతా బాగుపడలేదా? ఇప్పుడు కొట్టకూడదంటున్నారు, పిల్లలు మాట వినడం లేదు. దండన లేకుండా శీలం ఎలా వస్తుంది? – విశ్రాంత ఉద్యోగి

సమాధానం: అయ్యా, మీరు బాగుపడ్డారన్నది నేను కాదనను. అది బెత్తం వల్లనా, బెత్తం ఉన్నా కూడానా అన్నది మాత్రం మీ అనుభవం ఒక్కదానితో తేలదు. దెబ్బలకు జడిసి బడి మానేసినవాళ్లు ఇలాంటి ఉత్తరాలు రాయరు కదా.

తేల్చడానికి దగ్గరగా వచ్చిన పరిశోధన ఒకటి చెబుతాను. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడులలో మూడు నాలుగేళ్ల పిల్లలను పోల్చి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బడిలో చిన్న తప్పుకు కూడా కొట్టేవారు. రెండోదానిలో మందలించి, మాటలతో సరిదిద్దేవారు. పిల్లలను గదిలో ఒక బొమ్మకు వీపు పెట్టి కూర్చోబెట్టి, వెనక్కి చూడవద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లారు. రెండు బడుల పిల్లలూ ఎక్కువమంది చూశారు. తర్వాత "చూశావా?" అని అడిగినప్పుడు, దెబ్బల బడి పిల్లలు దాదాపు అందరూ చూడలేదని అబద్ధం చెప్పారు, అంతేకాదు, అబద్ధం బయటపడకుండా కాపాడుకోవడంలో వాళ్లు రెండో బడి పిల్లల కంటే ఎంతో నేర్పరులు. బెత్తం తప్పును ఆపలేదు, తప్పును దాచే విద్యను నేర్పింది. దండనతో నిజాయితీ వస్తుందన్న మీ నమ్మకానికి ఇంతకంటే నేరుగా అడ్డువచ్చే సాక్ష్యం నాకు తెలియదు. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 28వ అధికరణం, బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగని రీతిలోనే ఉండాలని దేశాలను కోరింది. పోలండు 1783లోనే బడులలో దెబ్బలను నిషేధించింది కనుక, ఇది ఈ తరం వారి మెతకదనం నుంచి పుట్టిన ఆలోచన అనలేం.

మీ ఆందోళనలో న్యాయమైన భాగం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. కొట్టడం మానేసిన చాలా బడులు ఆ స్థానంలో మరేదీ పెట్టలేదు. తప్పుకు ఏ పర్యవసానమూ లేని బడి కూడా పిల్లలకు అన్యాయమే చేస్తుంది. పాడుచేసినవాడు బాగుచేయాలి, నొప్పించినవాడు నొప్పిపడ్డవారి ఎదుట కూర్చుని వాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి, అపహరించినది తిరిగి ఇవ్వాలి. దెబ్బ అర నిమిషంలో అయిపోతుంది, ఉపాధ్యాయుడికీ అది సులువు. పైన చెప్పినవి కష్టమైనవి, సమయం తీసుకునేవి. నిజానికి పిల్లవాడికి కూడా దెబ్బ తినడం కంటే ఇవే బరువుగా ఉంటాయి.

ప్రశ్న: నేను పన్నెండో తరగతి విద్యార్థిని. శీలం, క్రమశిక్షణ అని పెద్దలు అన్నప్పుడల్లా నాకు ఒక్కటే వినిపిస్తుంది: "ఎదురు చెప్పకు." శీలనిర్మాణం అంటే మమ్మల్ని విధేయులుగా తయారుచేయడమేనా? ఎవరి విలువలు ఎవరి మీద రుద్దుతున్నారు?

సమాధానం: ఈసారి వచ్చిన ఉత్తరాలలో నీ ప్రశ్నే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. విధేయతను శీలంగా పొరబడటం పెద్దలు తరచుగా చేసే పనే. నిశ్శబ్దంగా ఉన్న తరగతిని మంచి తరగతి అనడం మాకు అలవాటు. ఆ నిశ్శబ్దం ఆసక్తి వల్ల వచ్చిందా, భయం వల్ల వచ్చిందా అని చూసే ఓపిక తక్కువ.

విధేయత ఎంత దూరం తీసుకుపోగలదో 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాలు చూపాయి. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా విద్యుత్ షాక్ పెంచుతూ పొమ్మని ప్రయోగశాల అధికారి చెబుతాడు. షాకులు నిజమైనవి కావు, కానీ ఇచ్చేవారికి ఆ సంగతి తెలియదు. 1963లో ప్రచురించిన తొలి ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరిదైన 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. వాళ్లలో చాలామంది చెమటలు పట్టి, వణుకుతూ, వద్దని గొణుగుతూనే మీట నొక్కారు. చేస్తున్నది తప్పని వాళ్లకు తెలుసు. ఆగే అలవాటు లేదు. తర్వాతివారు ఈ ప్రయోగం తీరును, నైతికతను గట్టిగా విమర్శించారు, ఆ విమర్శలు చదవదగినవే. అయినా అధికారం ఎదుట "నేను చేయను" అనడం ఎంత కష్టమో అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ మాట అనగలిగిన శక్తి లేని శీలం శీలం కాదు. కనుక, ప్రశ్నించే పిల్లలను లొంగదీసుకొనే బడి శీలనిర్మాణం పేరుతో దానికి విరుద్ధమైన పనే చేస్తోంది.

అయితే నీ ప్రశ్నలో రెండో సగంతో నేను పూర్తిగా ఏకీభవించను. ఎవరి విలువలు అన్నది చాలా విషయాలలో న్యాయమైన ప్రశ్న. దుస్తులు, నమ్మకాలు, రాజకీయం, అభిరుచి, ఇలాంటివాటిలో బడి తన ఇష్టాన్ని రుద్దకూడదు. అబద్ధం ఆడకపోవడం, బలహీనుణ్ణి ఏడిపించకపోవడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, తన వాదానికి వ్యతిరేకమైన సాక్ష్యాన్ని దాచకపోవడం అలాంటివి కావు. ఇవి లేకపోతే నువ్వు కోరుకొనే స్వేచ్ఛా చర్చ కూడా నిలవదు. పెద్దల మాటను ప్రశ్నించే హక్కు నీకుంది, దానితోపాటు పెద్దలు చెప్పిన కారణాన్ని చివరిదాకా విని, సరైనదైతే నీ అభిప్రాయాన్ని మార్చుకొనే బాధ్యత కూడా ఉంది. ఎదురు చెప్పడంలో సులువైన భాగం మొదటిదే. తరగతిలోని స్నేహితులంతా ఒక బలహీనుణ్ణి ఆటపట్టిస్తున్నప్పుడు, ఉపాధ్యాయుడికి కాదు, ఆ స్నేహితులకు ఎదురు చెప్పగలవా? నీ వయసులో అధికారం ఎక్కువగా అటువైపు నుంచే వస్తుంది.

ప్రశ్న: కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుణ్ణి. నాకు కోపం ఎక్కువ, బద్ధకమూ ఉంది. నేనే ఇలా ఉంటే పిల్లలకు శీలం గురించి చెప్పే అర్హత నాకు ఉందా?

సమాధానం: తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకొని వెళ్తున్న శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. సత్యం పలుకు, ధర్మం ఆచరించు అన్న మాటలు అందరికీ తెలుసు. అదే ఉపదేశంలో మరికొంత ముందుకు వెళితే, "మాలో ఉన్న మంచి నడవడిని మాత్రమే నువ్వు అనుసరించు, తక్కినవాటిని కాదు" అంటాడు గురువు. తమలో అనుసరించరానివి కూడా ఉన్నాయని శిష్యుడి ఎదుట ఒప్పుకున్న ఆ గురువులు అర్హత కోల్పోలేదు. మీరు ఎప్పుడైనా అకారణంగా ఒక పిల్లవాడి మీద కోప్పడితే, మరునాడు తరగతి అందరి ముందు అది తప్పని చెప్పండి. అందరి ముందు కోప్పడి, విడిగా పిలిచి క్షమాపణ చెప్పడం చాలదు. బద్ధకం సంగతి వేరు. దిద్దిన కాగితాలు చెప్పిన రోజుకు ఇవ్వకపోతే, మాట తప్పడం చెల్లుతుందని పిల్లలు నేర్చుకుంటారు, దానికి ఏ ఉపదేశమూ విరుగుడు కాదు.

ప్రశ్న: మా బడి వచ్చే ఏడాది నుంచి ప్రోగ్రెస్ కార్డులో నిజాయితీ, పట్టుదల, సహకారం అనే లక్షణాలకు కూడా మార్కులు వేయబోతోంది. నన్ను ఆ కమిటీలో వేశారు. మీ సలహా ఏమిటి? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: ఉద్దేశం మంచిదే, పద్ధతిని ఆపించండి. మార్కు వేసిన మరుక్షణం ఆ లక్షణం కూడా సంపాదించవలసిన సరుకైపోతుంది. ఉపాధ్యాయురాలు చూస్తున్నప్పుడు సహకరించి, చూడనప్పుడు మానే పిల్లలకు పదికి పది వస్తాయి. మొహమాటపడే పిల్ల నిజాయితీ ఎవరి కంటా పడదు. పట్టుదల వంటి లక్షణాలపై పరిశోధన చేసిన ఏంజెలా డక్‌వర్త్, డేవిడ్ యేగర్ స్వయంగా 2015లో ఒక వ్యాసం రాసి, ఇప్పుడున్న కొలమానాలతో బడులను పోల్చడం, మంచిచెడులు నిర్ణయించడం తగదని హెచ్చరించారు. వాళ్లు చూపిన చిక్కులలో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది: ఎక్కువ క్రమశిక్షణ ఆశించే బడిలో చదివే పిల్లలు తమను తాము పెద్ద కొలతతో కొలుచుకుంటారు కనుక, నిజానికి మెరుగ్గా ఉండి కూడా తమకు తక్కువ వేసుకుంటారు.

కమిటీ తప్పకుండా ఏదో ఒకటి నమోదు చేయాలంటే, అంకెకు బదులు వాక్యం రాయమనండి. ఏడాదిలో ఒక్కో విద్యార్థి గురించి ఉపాధ్యాయులు తాము చూసిన ఒక పనిని, తేదీతో సహా, విశేషణాలు లేకుండా రాయాలి: ఫలానా రోజున ప్రయోగశాలలో గాజు పాత్ర పగిలినప్పుడు తానే వచ్చి చెప్పింది, ఫలానా వారంలో కొత్తగా చేరిన అబ్బాయికి రోజూ పాఠాలు చదివి వినిపించాడు. ఏ విద్యార్థి గురించి రాయడానికి ఏమీ తోచదో ఆ పేర్లను విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ పిల్లలకు రాబోయే నెలలో ఒక బాధ్యత అప్పగించి, దగ్గరగా గమనించే పని ఎవరిదో కమిటీ సమావేశంలోనే తేల్చుకోండి.